పసుపు పూసిన తుపాకీ

చెన్నకేశవులు తుపాకీ మొరాయించింది. అదేమన్నా మామూలు తుపాకీయా! గురజాల చుట్టుపక్కల ఇంకెవరికీ లేని అయిదు తూటాల బెల్జియం సరుకు. ఒకసారి పేలిస్తే గొట్టం దానంతటదే వెనక్కి జారి, ఖాళీ డొప్పను బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి లాక్కుంటుంది. అలాంటిది మాచర్ల నుంచి వచ్చిన వియ్యంకుడి ఎదుట కౌజుపిట్టల మీద పేలిస్తే, ఒక్క దెబ్బకే డొప్పను నోట కరుచుకుని బిగుసుకుపోయింది. పిట్టలు ఎగిరిపోయాయి. వియ్యంకుడు కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఇంకేముంది, కేశవులికి ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి, అడవిపందుల కోసం దాచిన పెద్ద తూటాలు వేసి చూశాడు. దడదడా పనిచేసింది. పిట్టల తూటా వేస్తే మళ్ళీ అదే తంతు.

"తుపాకీకేం రోగం లేదు. పిట్టల తూటాల్లో మందు తగ్గింది. యుద్ధం రోజులాయె, రాళ్ళు పేల్చేవాళ్ళకి మందు దొరకటంలా. ఎవడు తీసి అమ్ముకుంటాడు? తూటాల పెట్టె మోసేవాడే!" అని తేల్చేశాడు.

పెట్టె మోసేవాడు యోబు. ఏళ్ళ తరబడి ఆ తుపాకీని విప్పి తుడిచి బిగించేదీ అతనే. కేశవులు అతన్ని చొప్పకొట్టంలోకి నెట్టి తాళం వేశాడు. గురజాల స్టేషనుకు కబురు పంపాడు. వాణ్ణి జైలుకు తోలితేగానీ మెతుకు ముట్టనన్నాడు. అన్నాడేగానీ, మధ్యాహ్నం గోంగూరపచ్చడితో కడుపునిండా లాగించి గుర్రుపెట్టాడు.

ముద్ద దిగనిది ఆయన భార్య యశోదకు. ఎందుకంటే తుపాకీకి ఏమైందో ఆమెకు గుబులుగా తెలుస్తూనే ఉంది.

ఆ ఇంట్లో ఆయుధపూజ అంటే ఆషామాషీ కాదు. కొడవలిని కూడా పిడి ఊడదీసి, ఏ ముక్కకా ముక్కకు పసుపు రాయాల్సిందే. ఏటా యోబు అరుగు కింద కూర్చుని తుపాకీ విప్పేవాడు, ఆ ముక్కలను కేశవులు దేవుడి గదిలోకి తీసుకెళ్ళేవాడు. మొన్న దసరాకు యోబు కూతురి కాన్పని గుంటూరు పోయాడు. కేశవులేమో "అయ్యవారి చేత పైపైన బొట్టు పెట్టించు, నువ్వు మాత్రం ముట్టుకోమాక" అని చెప్పి పేకాటకు పోయాడు. ఆడదాని చెయ్యి తగిలితే తుపాకీ గురి పోతుందని ఆయన నమ్మకం. పైపై బొట్టుతో పూజ ఎట్లా అవుతుందని యశోద మనసు ఒప్పలేదు. ఏళ్ళుగా కిటికీలోంచి చూసిన పనే కదా! తలుపు వేసుకుని విప్పింది. ప్రతి ముక్కకూ పసుపు, గంధం దట్టంగా పూసింది. తిరిగి బిగించింది.

ఆ మాట ఇప్పుడు చెబితే? కాపురానికి వచ్చిన కొత్తలో ఆ తుపాకీ మీద దుమ్ము తుడిచిందని కేశవులు ఆమెను ధాన్యపు గదిలో పెట్టి తాళం వేశాడు. ఆ ఇంట్లో పెద్ద తాళం ఒక్కటే. ఇప్పుడు చొప్పకొట్టానికి వేలాడుతున్నది అదే.

మజ్జిగ చెంబు తీసుకుని కొట్టం దగ్గరికి వెళ్ళి, తలుపు కింద సందులోంచి లోపలికి జరిపింది.

"యోబూ, ఆ తూటాల్లో..."

"తూటాలు మంచియ్యే అమ్మగారూ. పెద్దయి పనిచేసి చిన్నయి ఆగినాయంటే, గొట్టం ఎనక్కి జారటంలా. చిన్న తూటాకి అంత బలం ఉండదు. ముందు చెక్క కింద స్ప్రింగు ఉంటది చూడండి, దాని మీద ఉక్కు రింగు ఉందా, కింద ఉందా?"

"మీదే పెట్టాను," అంది యశోద. అన్నాక నాలుక కరుచుకుంది.

"అది పందుల తూటాకి. గొట్టాన్ని గట్టిగా పట్టి ఆపుద్ది. పిట్టలకైతే రింగు స్ప్రింగు కిందకి పోవాల. పైగా పసుపు ఎండి పెచ్చుకట్టి ఉంటది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయండి."

"పసుపు సంగతి నీకెట్లా తెలుసు?"

"పొద్దున చెక్క సందులో కనపడింది."

"మరి అయ్యగారికి చెప్పలేదేందయ్యా?"

లోపల చొప్ప గలగలమంది. "చెప్తే మీ పని ఏమైద్ది తల్లీ?" అన్నాడు యోబు.

యశోదకు ఏడుపు ముంచుకొచ్చింది. గబగబా ఇంట్లోకి వెళ్ళి, మొగుడి గురక వింటూనే తుపాకీ విప్పి, తుడిచి, రింగు మార్చి గోడకు తగిలించింది. గుట్టుగా బాగైపోతే అందరూ గట్టెక్కుతారనుకుంది, పిచ్చితల్లి.

సాయంత్రం స్టేషను నుంచి జమాదారు వచ్చాడు. అతనికి చూపించడానికి కేశవులు పిట్టల తూటాలు వేసి పేల్చాడు. డొప్ప ఎగిరిపడింది. రెండోదీ పడింది. కేశవులు ఒక్కక్షణం బిక్కమొహం వేశాడు. అంతలోనే తొడ చరిచాడు.

"చూశారా! దొంగ లోపలుంటే తుపాకీ సుబ్బరంగా ఉంది. అయితే మందు కాదు, వాడు తుపాకీకే ఏదో తంటా పెట్టాడు. రాసుకోండి!"

ఓరి నీ తెలివి తగలెయ్య! మంచి చెయ్యబోతే యోబు మెడకు ఉచ్చు ఇంకా బిగిసింది. యశోద గడప లోపల నిలబడి అంతా వింది. జమాదారు కాగితం తీశాడు. ఇక ఆమె ఉండబట్టలేక గడప దాటింది.

"యోబు ఏం చెయ్యలేదు. దసరాకు విప్పింది నేను. తప్పు బిగించిందీ నేనే."

"ఏమే, మతిపోయిందా?" అన్నాడు కేశవులు.

ఆమె తుపాకీ తీసుకుని అరుగు మీద కూర్చుంది. మిగిలిన తూటాలు తీసేసి, మర తిప్పి, రింగును స్ప్రింగు మీదికి మార్చి, మళ్ళీ తూటాలు వేసి జమాదారుకిచ్చింది. పేల్చాడు, బిగుసుకుంది. మళ్ళీ విప్పి రింగు కిందకు మార్చింది. పేల్చాడు, డొప్ప ఎగిరి కేశవులు కాళ్ళ దగ్గర పడింది.

"కేసు లేదండీ," అంటూ జమాదారు కాగితం మడిచి సైకిలెక్కాడు.

కేశవులు కొట్టం తాళం తీశాడు. ఆ తాళం చేతిలో పట్టుకునే "లోపలికి నడువు" అన్నాడు భార్యతో. వెనక వసారాలో ఉన్న ధాన్యపు గదిలోకి ఆమెను తోశాడు. తలుపు పడింది. తాళం నొక్కిన చప్పుడు ఆమెకు బాగా తెలిసిన చప్పుడే. చీకట్లో వడ్ల బస్తాలకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఇంకా ఇక్కడేందిరా? ఇంటికి పో," అంటున్నాడు కేశవులు బయట.

"అమ్మగారేరీ?" యోబు గొంతు.

కాసేపటికి వసారా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇన్నేళ్ళలో యోబు ఎక్కని మెట్లు అవి.

"ఒరేయ్, దిగరా! మెట్లెక్కుతావేందిరా?"

"తలుపు తియ్యండయ్యా, దిగుతా."

"మళ్ళా కొట్టంలో పెట్టి తాళమేస్తా!"

"ఎయ్యండి. తాళం ఒకటే గదా ఉంది. నాకెయ్యాలంటే ముందు దీన్ని తియ్యాల," అన్నాడు యోబు, కూర్చుంటూ.

లోపల యశోద తలుపు మీద చెయ్యి వేసింది. అవతలి నుంచి అతని వీపు ఆనినట్టుంది, చెక్క కొద్దిగా కదిలింది.