ఎక్కినప్పటి నుంచి దిగేదాకా

గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చి పాపికొండల బోట్లన్నీ ఆపేసిన రోజున, నది నూకరత్నం కాళ్ళలోకి ఎక్కుతుంది.

ఇది ఏటా ఉన్నదే. టూరిస్టు బోటులో వంట చేసే మనిషికి సీజను అయిపోగానే పని పోతుంది, పని ఖాళీ చేసిన చోటికి నీళ్ళొస్తాయి. ఎర్రటి నీళ్ళు, ఒండ్రుతో సహా. చీలమండల దాకా వచ్చి, కార్తీకంలో బోట్లు మళ్ళీ కదలగానే మడమల్లోంచి దిగిపోతాయి. నూకరత్నం దాన్నెప్పుడూ రోగం అనుకోలేదు. కొందరికి ఎండాకాలంలో సెగ్గడ్డలు లేస్తాయి, తనకి వానాకాలంలో గోదారి లేస్తుంది, అంతే అనుకుంది.

ఈసారి నీళ్ళు చీలమండల దగ్గర ఆగవు. ఆషాఢంలోనే మోకాళ్ళు దాటతాయి. వంతెన స్తంభం మీద కనపడ్డట్టే చర్మం మీద నీటిమట్టం గీత కనపడుతుంది, పొద్దున ఒకచోట, సాయంత్రానికి బెత్తెడు పైన. నడిస్తే లోపల అల కొడుతుంది. శ్రావణం వచ్చేసరికి కుడి పిక్కలోకి ఒక పులస చేప చేరుతుంది.

ఆ సంగతి రేవంతా పాకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే జనం కదా, పరామర్శకి వచ్చినవాళ్ళ చూపు నూకరత్నం మొహం మీద నిలవదు, పిక్క మీదికి జారుతుంది. ఒకావిడ సంచీ కూడా తెచ్చుకుంటుంది.

"అమ్మేత్తావా రత్నం?"

"కాలు కొయ్యాలి కదండీ."

"కోయించుకోకూడదా?"

"కోయించుకోటానికేగా నాకు డబ్బుల్లేంది."

ఆవిడ న్యాయమే అని ఒప్పుకుని, సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతుంది.

నూకరత్నానికి నలభై దాటాయి. మొగుడు ఏనాడో వేరే రేవు చూసుకున్నాడు. పిల్లల్లేరు. ఎవరి కోసం బతకాలట ఈవిడ అనుకునేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, పైకి అనరు గానీ. నూకరత్నానికి మాత్రం తన కోసమే బతకాలని ఉంది. పొద్దున్నే పొగమంచులో బోటు కదలడం, తను పోపు వెయ్యగానే పై డెక్కు మీద జనమంతా ఒక్కసారి తలలు తిప్పడం, ఇవి ఇంకా చాలాసార్లు కావాలి. చావంటే ఆమెకి భయం. గట్టి భయం. దాన్ని దాచుకోవాలని కూడా అనుకోదు.

రాజమండ్రిలో డాక్టరు స్టెతస్కోపు ఆమె మోకాలికి ఆనించి చాలాసేపు వింటాడు. లోపల వరద బాగానే ఉంది అంటాడు. నడుము దగ్గర కుళాయి బిగించి నీళ్ళు వదిలెయ్యాలి, అదీ రొమ్ము దాకా రాకముందే.

"వత్తే ఏవవుద్దండీ?"

"గుండెకి ఈత రాదమ్మా."

నూకరత్నం తలూపుతుంది. గోదారొడ్డున పుట్టి తనకే ఈత రాదు, తన గుండెకి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది.

డాక్టరు ఇన్సూరెన్సు ఉందా అంటాడు. లేదు. ఉచిత వైద్యం కార్డు ఉందా అంటాడు. కార్డు ఇంటిని చూసి ఇస్తారు. సర్వేవాళ్ళు వచ్చిన రోజున నూకరత్నం ఇల్లు వరదకి భయపడి కొండెక్కి కూర్చుంది. నీళ్ళు తీశాక దిగొచ్చింది గానీ అప్పటికి వాళ్ళు వెళ్ళిపోయారు. డాక్టరు కుళాయిని మళ్ళీ పెట్టెలో పెడతాడు. ఇత్తడి కుళాయి, కొత్తది. నూకరత్నం దానికేసి పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినంత ఆశగా చూస్తుంది.

బీమా ఆఫీసులో కౌంటరు గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. నూకరత్నం ఒక అడుగు వేస్తే కౌంటరు ఒక అడుగు వెనక్కి పోతుంది. నెలనెలా జీతం వచ్చేవాళ్ళు పక్కనుంచి తిన్నగా వెళ్ళి దాని మీద మోచేతులు ఆనిస్తారు. ఆమెకి మాత్రం గది పొడుగవుతూనే ఉంటుంది. కాళ్ళలో నీళ్ళు బరువు. చివరికి విసుగొచ్చి, సంతలో బేరం కుదరనప్పుడు ఏం చేస్తుందో అదే చేస్తుంది. వెనుదిరిగి గుమ్మం వైపు నడుస్తుంది. కౌంటరు గబగబా వెంటపడి వచ్చి ఆమె వీపుకి తగులుతుంది.

దాని వెనక భ్రమరాంబ అని బిళ్ళ పెట్టుకున్న ఉద్యోగిని కూర్చుని ఉంది. నిద్ర చాలని కళ్ళు, మెత్తటి గొంతు.

"ఏం పని చేస్తారమ్మా?"

"టూరిస్టు బోటులో వంటండి. సీజన్లో."

"ఇప్పుడో?"

"ఇప్పుడేం లేదండి."

"మరి ఇప్పుడు మీరెవరని రాయను? సీజన్లో రండి. సీజను పాలసీ ఇస్తాను, చాలా చౌక."

"సీజన్లో నాకు జబ్బుండదండి. ఇప్పుడే."

"అందుకే చౌక."

"ఏడాదంతటికీ పనికొచ్చేది లేదాండీ?"

"ఉందమ్మా. ఏడాదంతా సంపాదించేవాళ్ళు కట్టగలిగేంత ఉంది."

ఈ మాట అన్నందుకు భ్రమరాంబే బాధపడుతుంది. మంచినీళ్ళు తాగుతారా అని గ్లాసు జరుపుతుంది.

"వద్దండీ. ఉన్నాయి," అంటుంది నూకరత్నం.

గీత అప్పటికి తొడ సగం దాటింది. భ్రమరాంబ దాన్ని చూసి నిట్టూరుస్తుంది. "మీ బోటెక్కే టూరిస్టులు నయం. వాళ్ళకి టికెట్టులోనే బీమా ఉంటుంది."

అది నూకరత్నానికి తెలియందా. రోజూ పొద్దున బోటు కదలగానే యాంకరు మైకులో చెప్పేది అదే. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మీ ప్రాణాలకి బీమా ఉంది, నిశ్చింతగా కొండలు చూడండి. కింద వంటగదిలో నూనె కాగపెడుతూ ఆ మాటలు విని ఇన్నేళ్ళూ తను కూడా నిశ్చింతగా ఉంది. ఎంత వెర్రిబాగులతనం.

"నేనూ టికెట్టు కొనుక్కుని ఎక్కితేనండీ?"

భ్రమరాంబ కళ్ళు మూసుకుని ఆలోచిస్తుంది. "ఎక్కితే పాసింజరే. దిగేదాకా మీకు వైద్యం చెయ్యాల్సిందే. కానీ పాసింజరు పని చెయ్యకూడదు."

"ఎందుకు చేత్తానండీ," అంటుంది నూకరత్నం.

సరంగు ముత్యాలు, అంటే ఆమె పనిచేసే బోటు నడిపే మనిషి, రేవులో కట్టేసిన బోటు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నూకరత్నాన్ని అక్కా అంటాడు. ఆమె చేతి పులిహోర తినే ఆ ఒళ్ళు చేశాడు.

"బోట్లు తిప్పకూడదక్కా. ఆర్డరుంది."

"ఆర్డరు గోదారికేగా. నాకు లేదుగా."

ముత్యాలు వల పక్కన పెట్టి ఆమె కాళ్ళకేసి చూస్తాడు. "ఎంత లోతుంటాది?"

"నడుం దాకా వచ్చేత్తంది."

"చాలుద్ది," అంటాడు. "డాట్టరు గారిని కూడా ఎక్కించేద్దాం. నువ్వు కదలకుండా కూకో, అంతే. నువ్వు కూకోగా నేనెప్పుడూ చూల్లేదు."

నూకరత్నం రేవు మెట్ల మీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. బోటు ఆమె కుడి మడమలోంచి లోపలికి వెళ్తుంది. టికెట్టు పట్టుకుని ఆమె కూడా ఎక్కుతుంది. మెట్ల మీది నూకరత్నం అక్కడే ఉండి, జాగ్రత్త అన్నట్టు చెయ్యి ఊపుతూ ఉంటుంది.

బోటులో జనం నిండుగా ఉన్నారు. గొంతు పోయిన యాంకరు, మోకాలు అరిగిన డ్యాన్సు పిల్ల, వెదురు బొంగుల్లో కోడికూర కాల్చి కాల్చి ఊపిరాడని పెద్దాయన. సీజను మనుషులే అందరూ, అందరి చేతుల్లోనూ టికెట్లు. నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, టూరిస్టుల్లా కూర్చోవాలని చూస్తున్నారు. ఒక్కరికీ చేతకావడం లేదు. బీమా ఆఫీసు తరఫున భ్రమరాంబ కూడా ఎక్కి, వరసల మధ్య తిరుగుతూ టికెట్లు చూస్తోంది. డాక్టరు పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు.

పిక్క దగ్గర పులస బోటు పక్కనే ఈదుతూ వస్తుంది. ఎవరూ పట్టరు. చేపలు పట్టడం పని కిందకి వస్తుంది. మోకాలి చిప్పలు రెండు కొండల్లా దగ్గరికి జరిగి మధ్యలోంచి సన్నటి దారిస్తాయి. అబ్బ, ఎంత బాగుందో అంటుంది డ్యాన్సు పిల్ల, టూరిస్టులు అలాగే అంటారు కాబట్టి.

"భోజనాల వేళకి నడుము వస్తుంది. రాగానే బిగించేస్తాను," అంటాడు డాక్టరు.

భోజనాల వేళ అవుతుంది. వంట చేసేవాళ్ళు లేరు. పెద్దాయన దగ్గుతూ కడుపు పట్టుకుంటాడు గానీ నోరు తెరిచి అడగడు. నూకరత్నం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుంది. ఇంకొంచెం. ఇంకొక్క మలుపు. కూర్చుంటే బతుకుతుంది, అంత చిన్న పని. దేవుడా, నన్ను కూర్చోనియ్యి అని మొక్కుకుంటుంది.

ముత్యాలుకి పెద్దాయన్ని చూసి జాలేస్తుంది. చుక్కాని వదిలి కిందికి పరిగెత్తి, అన్నంలో చింతపండు పులుసు కలిపి, పోపు మూకుడు పొయ్యి మీద పెట్టి, మళ్ళీ చుక్కాని దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఆవాలు చిటపటమంటాయి. మినప్పప్పు ఎర్రబడుతుంది. ఇంగువ వాసన డెక్కు మీదికి వస్తుంది, దాని వెనకే మాడబోయే వాసన. ఆ బోటులో పోపు మాడింది ఇంతవరకూ లేదు.

నూకరత్నం లేచిపోతుంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. మూకుడు దించి, గరిటె తిప్పి, పోపు అన్నంలో వేసి కలిపేస్తుంది.

తల ఎత్తి చూస్తే భ్రమరాంబ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, మీరు గరిటె పట్టుకున్నారు."

"మాడిపోతందండీ."

"తెలుసమ్మా."

భ్రమరాంబ ఆమె జాకెట్టులోంచి టికెట్టు తీసి, కళ్ళు తుడుచుకుంటూ చించేస్తుంది. డాక్టరు పెట్టె మూసేస్తాడు. కిటికీలోంచి నడుము కనపడుతుంది, దగ్గరికి వచ్చి, పక్కనుంచి వెళ్ళిపోతుంది. నూకరత్నానికి ఏడుపొస్తుంది. గరిటె వదలకుండానే ఏడుస్తుంది. ఏడుస్తూనే అందరికీ ఆకుల్లో పులిహోర వడ్డిస్తుంది. తల ఎత్తకుండా తింటారందరూ.

నడుము దాటాక నీళ్ళు వడిగా ఉంటాయి. పక్కటెముకల మధ్య ఒక ఇసుకతిన్నె వస్తుంది. దాని మీద గుండె ఒంటరిగా నిలబడి ఉంది. పిడికిలంత మనిషి. నీళ్ళు అప్పటికే దాని పాదాలు తడుపుతున్నాయి. బోటుని చూసి చెయ్యెత్తుతుంది.

ముత్యాలు బోటు ఆపుతాడు. నూకరత్నం దాన్ని రెండు చేతులతో పైకి తీసుకుని, తన లైఫ్ జాకెట్టు విప్పి దానికి తొడుగుతుంది. జాకెట్టు పాదాల దాకా వస్తుంది.

"ఎవరమ్మా?" అంటుంది భ్రమరాంబ.

"పాసింజరండీ. టికెట్టు ఇవ్వండి."

"ఏం పని చేస్తారు?"

గుండె చెప్పబోతుంది. నూకరత్నం దాని నోరు మూస్తుంది. "ఏ పనీ చెయ్యదండీ. ఊరికే కొండలు చూద్దారని వచ్చింది."

భ్రమరాంబ దాని కాయలు కాసిన చేతులకేసి చూసి, చూపు తిప్పుకుంటుంది. "నా కళ్ళ ముందు ఏ చిన్న పని చేసినా చించెయ్యాలి."

"చెయ్యదండీ. నాదీ పూచీ."

ముందు వరసలో కిటికీ పక్కన కూర్చోబెడుతుంది. గుండె కూర్చోలేదు. లేస్తుంది, కూర్చుంటుంది, లేస్తుంది. పుట్టినప్పటి నుంచి ఒక్క పూట మానని మనిషి, దానికి సీజన్లు లేవు. నూకరత్నం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని భుజం మీద చెయ్యి వేస్తుంది.

"కదలకమ్మా. అలా కూకో. నువ్వు టూరిస్టువి."

గుండె ఆమెకేసి ఒకసారి చూస్తుంది. తర్వాత చేతులు కట్టుకుని, సీటుకి ఆనుకుని, కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంటుంది. ఏ పనీ చెయ్యదు. భ్రమరాంబ పుస్తకంలోంచి కొత్త టికెట్టు చింపి దాని ఒళ్ళో పెట్టి, ఇప్పుడు బీమా వచ్చింది అంటుంది. ఇక్కడైనా బిగించొచ్చు అంటూ డాక్టరు పెట్టె తెరిచి ఇత్తడి కుళాయి బయటికి తీస్తాడు.

రేవు మెట్ల మీద నూకరత్నం ఊపుతున్న చెయ్యి పైకెత్తినది ఎత్తినట్టే ఆగుతుంది. ఒక తెల్లకొంగ కాసేపు చూసి, వచ్చి ఆ అరచేతిలో వాలి, కాళ్ళు మడుచుకుని కూర్చుంటుంది.