కారణాలకు గడి లేదు

“కూర్చుని చేసే ఉద్యోగమేగా, నీకేం అలసట?” అంటారు మా ఆయన. నిజమే, క్యాన్సర్ ఆసుపత్రి రికార్డుల గదిలో రోజంతా కూర్చునే ఉంటాను. పెద్ద డాక్టరమ్మ ఒక అధ్యయనం మొదలుపెట్టి, ఆరువందల పన్నెండు మంది ఆడవాళ్ల కేసు షీట్లు నా బల్ల మీద పెట్టించారు. అందరిదీ రొమ్ము క్యాన్సరే, రకాలే వేరు. హార్మోన్ మందులకు లొంగేది ఒకటి, వేరే ఇంజెక్షన్‌కు లొంగేది ఒకటి, రెండింటికీ లొంగని మొండిది ఇంకొకటి. ఏ రకం ఎవరికి వచ్చింది, వయసెంత, పిల్లలెందరు, గడ్డ తెలిశాక ఎన్ని నెలలకు వచ్చారు, ఐదేళ్ల తర్వాత ఉన్నారా లేరా, అన్నీ పట్టికలోకి ఎక్కించాలి.

మొండి రకం వచ్చినవాళ్లలో చాలామంది నా ఈడువాళ్లే. ‘లేరు’ అని కొట్టీ కొట్టీ వేళ్లు మొద్దుబారాయి. షీట్ల అంచుల్లో ఎవరో నర్సు రాసిన ముక్కలు: ‘అత్తగారికి కాలు విరిగింది’, ‘కూతురి పరీక్షలయ్యాక వచ్చింది’, ‘భర్తకు సెలవు దొరకలేదు’.

“ఇవెక్కడ రాయను మేడమ్?”

“నెలలు రాస్తే చాలమ్మా. కారణాలకి గడి లేదు,” అన్నారావిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం ఒక షీటు దగ్గర చేయి ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఎడమ వైపు గడ్డ, మూడు నెలల ఆలస్యం. లేరు. నాకూ ముప్పై ఎనిమిదే, ఇద్దరే, ఎడమ వైపే. స్నానం చేస్తుంటే శనగగింజంత గడ్డ చేతికి తగిలి పదకొండు వారాలైంది. చెబితే, “ఆసుపత్రిలో పనిచేసి చేసి నీకన్నీ రోగాల్లాగే కనిపిస్తున్నాయి. నాన్న కంటి ఆపరేషన్ అవనీ, చూద్దాం,” అన్నారు మా ఆయన. “నాకూ వచ్చాయి, వాటంతటవే పోయాయి,” అన్నారు అత్తగారు, నేను మడతపెట్టిన బట్టలు అందుకుంటూ. నేను తలూపాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇతరుల నెలలు రాస్తూ కూడా, నా వారాలు లెక్కలోకి రానట్టు తలూపాను. అది తలుచుకుంటే వాళ్ల మీద కన్నా నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

లేచి వెళ్లి డాక్టరమ్మ గది తలుపు తట్టాను. “నాకూ ఉంది మేడమ్.”

ఆవిడ చాలాసేపు పరీక్షించారు. చంకలోనూ గడ్డలేమైనా ఉన్నాయేమోనని మళ్లీ మళ్లీ వేళ్లతో వెతికారు. “ఎల్లుండి పొద్దున ముక్క తీసి పరీక్షకి పంపుతాను. నా పక్క గదిలోనే ఉంటూ ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేకపోయావా?” అన్నారు. గొంతు కసురుతున్నట్టే ఉంది, చేయి మాత్రం నా భుజం మీద నుంచి తీయలేదు.

ఎల్లుండే మామగారి ఆపరేషన్. ఇంటికి రాగానే చెప్పాను.

“నీదొక వారం వాయిదా వేసుకోలేవా? ఆసుపత్రిలో నాన్న దగ్గర ఎవరుంటారు?” అన్నారాయన.

“మీరుంటారు,” అన్నాను.

ఆయన ఇంకేదో అనబోతుండగానే మా చెల్లెలికి ఫోన్ కలిపాను. “భయమేస్తోందే,” అన్నాను, ఆయన వింటుండగానే. “ఎల్లుండి పొద్దున నాతో రా.”