మూడు వందల మీటర్లు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ మాట ఇదివరకు నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి, అదేదో పెద్ద గొప్పయినట్టు. ఇప్పుడు నవ్వడం మానేశాను.

నా పని గాజు తీగలు అతికించడం. ఇంటర్నెట్ మోసే నల్ల కేబుల్ లోపల వెంట్రుకంత సన్నటి గాజు తీగలుంటాయి. అవి తెగితే రెండు కొసలూ ఒలిచి, తుడిచి, మిషన్లో ఎదురెదురుగా పెట్టి, కరిగించి కలపాలి. అందుకే అందరూ నన్ను జాయింటు అంటారు. మా అక్కని ఇచ్చిన ఊరికి లైను లాగింది నేనే. ఆ ఊరు గుట్ట చాటున ఉంటుంది. ఫోను మోగాలంటే గుట్టెక్కాలి. గుట్టెక్కేంత ఓపిక ఉన్నవాడికి ఇక డాక్టరుతో పనేముంటుంది చెప్పండి?

అక్క ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. బావది కలప అడితి. ఊళ్ళోకి వెళ్తూనే ముందు వచ్చేది అదే, ఇల్లు కూడా దాని వెనకే. రోడ్డు పక్కన చోటు లేకపోతే బావ తన అడితి లోపలే నాలుగు స్తంభాలు పాతనిచ్చాడు. మా బావ బంగారం అని టౌనంతా చాటాను. ఊళ్ళో మొదటి కనెక్షను ఆయన అడితి గదికే ఇచ్చాను.

లైను వచ్చిన రెండు నెలల్లో రెండుసార్లు తెగింది. మొదటిసారి కలప లారీ తగిలిందనుకున్నాం. రెండోసారి కల్వర్టు దగ్గర, ఎవరో కత్తితో కోసినట్టు స్పష్టంగా కనబడింది. ఊరంతా ఒక్కడి వైపే చూసింది. ఇంటింటికీ డిష్ గొడుగులు బిగించే పెద్దాయన ఒకడున్నాడు, ఆయన పేరే గొడుగు అయిపోయింది. మా లైను వచ్చాక ఆయన్ని పిలిచే దిక్కు లేదు. "ఈ గాజు ముచ్చట ఎన్నాళ్ళో నేనూ చూస్తా" అని టీ కొట్టు దగ్గర అన్నాడట. ఆ మాట నా చెవిన వేసింది బావే.

మూడోసారి తెగిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను, బడికి కనెక్షను ఇస్తూ. పదిన్నరకు బడిలో బిగించిన ఇంటర్నెట్ పెట్టెలో పచ్చ దీపం ఆరిపోయి ఎర్రది వెలిగింది. అక్క ఆరోగ్య కేంద్రంలోంచి పరుగున వచ్చింది. అంత ఎండలోనూ ముంజేతుల దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది.

"ఒరేయ్, నాలుగింటికి నేను లైన్లో ఉండాలి. ఎలాగైనా కలపాలిరా."

"ఎవరికే, పేషెంటుకా?"

"అలాంటిదే. నాలుగు దాటితే ఇక అయిపోయినట్టే. ఇంకో అవకాశం ఇవ్వరు."

మా అక్క నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నా మంచం పక్కనుంచి కదిలేది కాదు. అలాంటిది నా చొక్కా పట్టుకుని అడిగింది. "నాలుగు కాదు, మూడింటికే ఇస్తా చూడు" అని డాబుగా చెప్పి బండెక్కాను. ఆమె పెదవి చిట్లి ఉంది. ఏమైందంటే తలుపు తగిలిందంది. "తలుపుకీ నీకూ పడదేమో" అని జోకు కూడా వేశాను, వెధవని.

దూరం కొలిచే మిషను ఇంకో ఊరి పనికి పోయింది, తెప్పించేసరికి ఒంటిగంటన్నర దాటింది. టౌనులో లైను మొదలయ్యే మా పెట్టె దగ్గర దాన్ని పెట్టి చూశాను. అది తీగలోకి వెలుతురు పంపిస్తుంది. తీగ ఎక్కడ తెగిందో అక్కణ్ణుంచి వెలుతురు వెనక్కి తిరిగొస్తే, ఎన్ని మీటర్లో అంకె చూపిస్తుంది. అయిదు వేల నాలుగు వందల అరవై. పెట్టె మూస్తుంటే బావ తన బండి మీద దిగాడు.

"మీ అక్క చెప్పింది బామ్మర్దీ. పాపం, తలనొప్పిట, భోజనం చేసి పడుకుంది. ఈసారి వాణ్ణి వదలకూడదు. నేనూ వస్తా పద."

బండి మీటరు చూసుకుంటూ కేబుల్ వెంబడే వచ్చాను. అడితి దాటాక ఇంకో మూడు వందల మీటర్లు పోయేసరికి అయిదు కిలోమీటర్ల నాలుగు వందల యాభై దాటింది. ఎదురుగా గొడుగు షాపు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క నా చొక్కా పట్టుకుని అడగడమే కళ్ళ ముందు కదిలింది.

గొడుగు బల్ల మీద పాత రిసీవరు విప్పుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు ముక్కు చివర వేలాడుతోంది.

"రా జాయింటూ. ఏంటీ, మళ్ళీ పోయిందా?"

"తెలీనట్టు అడుగుతున్నావా? కోసింది నువ్వే కదరా!"

మా నాన్న వయసు మనిషిని 'రా' అన్నాను. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకునే లేచాడు. చేతిలో అది ఉందని ఆయనకు గుర్తు కూడా ఉండదు. నాకు అది చాలింది. చెంప మీద ఒక్కటిచ్చాను. కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలి పగిలింది. ఆయన తేరుకోకముందే పొట్టలో బూటుతో తన్నాను. బల్ల, రిసీవరు, డబ్బాలోని మేకులు అన్నీ ఆయన మీదే పడ్డాయి.

"వీడు ఇలా అడిగితే చెప్పే రకం కాదు" అంటూ బావ వెనక నుంచి ఆయన రెక్కలు విరిచి పట్టుకున్నాడు. "నేను కోయలేదు, నా పిల్లల మీద ఒట్టు" అని గొడుగు అరుస్తూనే ఉన్నాడు. ముక్కులోంచి రక్తం నోట్లోకి కారుతోంది. మాట్లాడినప్పుడల్లా అది నా చొక్కా మీద చిందింది.

"ఏ చేత్తో కోశాడో ఆ చెయ్యి చూడు బామ్మర్దీ" అన్నాడు బావ. తనే ఆయన కుడిచెయ్యి లాగి బల్ల అంచు మీద పెట్టాడు.

నా నడుముకి స్తంభాల బోల్టులు బిగించే పెద్ద స్పానరు ఉంటుంది. రెండు దెబ్బలు కొట్టాను. మొదటిది బల్లకి తగిలింది. రెండోది మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. గొడుగు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కింద కూలబడి, నెమ్మదిగా అన్నాడు.

"తల పైకెత్తి చూడు నాయనా. తీగ తెగిందో లేదో ఒక్కసారి చూడు."

అప్పుడు చూశాను. షాపు మీదుగా పోయే కేబుల్ చెక్కుచెదరలేదు. అటు స్తంభం, ఇటు స్తంభం, ఆ పక్క మూడో స్తంభం, అంతా బిగుతుగా ఉంది. "ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే, వెతుకుదాం" అంటున్నాడు బావ. నేను వినడం లేదు. ఎదుటి స్తంభానికి గుండ్రంగా చుట్టి కట్టిన కేబుల్ చుట్ట గాలికి ఊగుతోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముందు ముందు అతుకులకి పనికొస్తుందని ప్రతి అయిదో స్తంభానికీ పదిహేను మీటర్ల కేబుల్ చుట్టి వదులుతాం. మిషను ఆ చుట్టల పొడుగు కూడా కలిపే చెబుతుంది. నేల మీద దూరం కావాలంటే చుట్టలన్నీ తీసెయ్యాలి. పనిలో చేరిన మొదటి రోజు నేర్పే లెక్క అది. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను ఎన్నిసార్లు అరిచి చెప్పానో! ఇరవై చుట్టలు, పదిహేను చొప్పున.

"మూడు వందలు వెనక్కి పోవాలి" అన్నాను పైకే.

బావ మొహం మారింది. "ఎండకి నీకు మతి పోయింది, ఇంటికి పోయి మంచినీళ్ళు తాగుదాం" అన్నాడు. నా జవాబు కోసం ఆగకుండా బండి తీసి నాకంటే ముందే దూసుకుపోయాడు. మూడు వందల మీటర్లు వెనక్కి పోతే వచ్చేది అడితే. నేను గొడుగుని అక్కడే నేల మీద వదిలేసి వెంటబడ్డాను. ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు.

అడితిలో పనివాళ్ళు ఒక్కరూ లేరు. కానీ కోత మిషను మాత్రం తిరుగుతోంది, కట్టె లేకుండా, చెవులు చిల్లులు పడేలా. దుంగల గుట్ట చాటున, రోడ్డు మీంచి కనబడని చోట, కేబుల్ తెగి నేల మీద పడి ఉంది. స్తంభానికి నిచ్చెన ఇంకా వేసే ఉంది. తెగిన కొస పట్టుకుని చూస్తుండగా వెనక నుంచి ఇనపగడ్డపార వచ్చి నా ఎడమచేతి మీద పడింది. రెండు వేళ్ళు అక్కడే విరిగాయి.

"చూడకుండా పోవచ్చుగా!" అని అరిచాడు బావ.

నా మెడ పట్టుకుని కోత మిషను వైపు ఈడ్చాడు. రంపం గాలి నా చెంపకి తగిలింది. పొట్టు కళ్ళలో పడి ఏమీ కనబడలేదు. కాళ్ళు ఎడాపెడా తన్నాను. ఏ దెబ్బకో స్విచ్చు మీట పడింది. రంపం మూలుగుతూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు వినబడింది. అడితి గది తలుపు లోపలి నుంచి ఎవరో బాదుతున్నారు. తలుపుకి బయట గడియ వేసి ఉంది.

"ఒరేయ్! ఒరేయ్ తమ్ముడూ!"

తర్వాత ఏం చేశానో అంతా గుర్తు లేదు. బావ తలని దుంగకేసి మోదాను. ఆయన పన్ను ఒకటి నా మోచేతిలో దిగింది. కింద పడేశాక ఛాతీ మీద మోకాలు పెట్టి, కుడిచేత్తో అదే స్పానరు ఎత్తి, ఎక్కడ పడితే అక్కడ కొట్టాను. చివరికి ఆయన చేతులు అడ్డుపెట్టుకోవడం కూడా మానేశాడు. చంపేసేవాణ్ణే. తలుపు చప్పుడు ఆగకపోబట్టి లేచాను.

గడియ తీస్తే అక్క గడప మీద నిలబడి ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముందు బావని చూసింది, తర్వాత నన్ను.

"వాడి చేతులు కట్టెయ్. చంపకు. వాడు నాకు ప్రాణాలతో కావాలి. టైమెంత?"

"మూడూ పది."

చుట్టలు కట్టే ప్లాస్టిక్ పట్టీలతో బావని స్తంభానికి కట్టేశాను. అప్పుడు చెప్పింది, ముక్కలు ముక్కలుగా. తలుపు తగల్లేదు, మెట్ల మీద జారలేదు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఇదే వరస. లైను వచ్చాకే ఆమె ఊరు దాటి ఒకరితో మాట్లాడగలిగింది. కోర్టు మేడం లైన్లోనే ఆమె వాంగ్మూలం తీసుకుంటానంది. రెండు వాయిదాల నాడూ లైను పోయింది. ఇది మూడోది, ఆఖరిది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు కాబట్టి."

నిచ్చెన ఎక్కి, మోచేత్తో పట్టుకుని, స్తంభం మీది చుట్ట విప్పి కేబుల్ కిందికి దించాను. బండి మీంచి అతుకు మిషను తెచ్చి పెట్టుకున్నాను. నా ఎడమచెయ్యి వంకాయలా వాచింది. కుడిచెయ్యి వణుకు ఆగడం లేదు. గాజు కొస గాడిలో పెట్టబోతే మూడుసార్లు విరిగింది. ఏడుపొచ్చింది నాకు, సిగ్గులేకుండా ఏడ్చాను.

"ఏడిస్తే అతుక్కుంటుందా? జరుగు. ఎలాగో చెప్పు" అంది అక్క.

కుట్లు వేసే చేతులవి. పైపొర ఒలవమంటే ఒలిచింది. స్పిరిట్ గుడ్డతో తుడవమంటే, ఆ మాత్రం నాకు తెలుసులే అన్నట్టు చూసింది. ఒక కంటితోనే గాజు కొసలు రెండూ గాడిలో పెట్టింది. అప్పుడు ఆమె చూపు నా చొక్కా మీద పడింది.

"ఈ మరకలు ఎండిపోయాయి. ఇది వాడి రక్తం కాదు, నీది కాదు. ఎవరిదిరా?"

చెప్పాను. బావ పట్టుకున్నాడని, నేను కొట్టానని, చుట్టల లెక్క మర్చిపోయానని. అక్క చేతులు ఆగలేదు.

"మణికట్టు దగ్గరా, పైనా?"

"మణికట్టు."

"కదల్చొద్దని చెప్పావా? ఏమన్నా కట్టావా?"

"లేదు. వదిలేసి వచ్చాను."

ఆమె మిషను మూత వేసి మీట నొక్కింది. చిన్న మెరుపు మెరిసి, అతుకు బాగుందని అంకె పడింది. రెండో తీగ కూడా అలాగే కలిపింది. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా అడితి గదిలోని పెట్టెలో పచ్చ దీపం వెలిగింది.

అక్క మొహం కడుక్కోలేదు. అలాగే కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద ఒక ఆడమనిషి కనబడింది, ఆమె వెనక ఫైళ్ళ బీరువాలు. ఆవిడ అడుగుతూ పోయింది, అక్క చెబుతూ పోయింది. తేదీలు, దెబ్బలు, ఏ వస్తువుతో, ఒంటి మీద ఎక్కడ. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. తలుపు పక్కన నిలబడి అంతా విన్నాను. బయట కట్టేసి ఉన్నవాణ్ణి ఇంకో నాలుగు తన్నాలనిపించింది. ఒక అడుగు వేశాను కూడా.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అంది తెర మీది ఆవిడ.

"ఉంది మేడం. రాసుకోండి" అంది అక్క. "ఇవాళ మధ్యాహ్నం మా ఊళ్ళో డిష్షులు బిగించే పెద్దాయన చెయ్యి విరిగింది. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యి పట్టుకుంది నా మొగుడు. విరగ్గొట్టింది మా తమ్ముడు."

నేను గడప మీదే ఆగిపోయాను. అక్క కుర్చీలో వెనక్కి తిరిగి, తెరిచి ఉన్న ఆ ఒక్క కంటితో నన్ను చూసింది.

"ఇటు రా. మేడంకి కనిపించేలా నిలబడు."

వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. నా పేరు, వయసు అడిగారు, చెప్పాను. లైను స్పష్టంగా ఉంది.