కంటి చుక్కల కాలం

"చూపు బాగుపడిందిగా, ఇక ఒక్క పొలుసు కూడా మిగలకూడదు," అంటూ మా అత్తగారు దౌలత్ చేపల తట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

లేజర్‌తో కళ్ళు సరిచేయించుకుని రెండు రోజులే అయింది. చిన్నప్పటి నుంచి ముక్కు మీద తిష్ట వేసిన సోడాబుడ్డి అద్దాలు పోయాయి. బాల్కనీలోంచి అలెగ్జాండ్రియా సముద్రం మీది పడవల్ని చూసి చంటిపిల్లలా మురిసిపోయాను. కంట్లో నీళ్ళు పడకూడదు, వంటింటివైపు వెళ్ళొద్దు అని డాక్టర్ మెర్వత్ మరీ మరీ చెప్పింది. ఆ మాటే ఇంట్లో చెప్పాను.

"డాక్టర్లు అలాగే అంటారు. నువ్వు చెయ్యి పెడితేగాని ఆ రుచి రాదు," అన్నాడు నా భర్త వజీహ్. పొంగిపోయి కత్తి అందుకున్నాను. ఇన్నేళ్ళూ నన్ను వంటింట్లో కట్టేసింది తిట్లు కాదు, ఆ పొగడ్తే. పొలుసు గీస్తుంటే నీళ్ళు చింది ఎడమ కంట్లో పడ్డాయి. మణికట్టుతో తుడిచేసుకున్నాను.

రెండు రోజుల్లో కన్ను నిప్పుకణిక అయింది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుండేది. "బాక్టీరియా చేరింది. ఇంకాస్త ఆలస్యమైతే చూపే పోయేది," అంది డాక్టర్. లేజర్ కోసం తెరిచిన కంటి పొరను మళ్ళీ ఎత్తి శుభ్రం చేసింది. గంటగంటకీ చుక్కలు వెయ్యాలట. "ఎవరు వేస్తారు?" అంది. నా పక్కనే ఉన్న వజీహ్‌కేసి చూసి, తనే "మీరే," అంది.

తెరలు దించిన గదిలో భయంతో పడుకుని, ఇంటి చప్పుళ్ళు వినేదాన్ని.

"అమ్మా, జీలకర్ర ఎక్కడుంది?"

"నన్నడుగుతావేంరా? నేనా వంటింట్లోకెళ్ళి ఎన్నాళ్ళయింది!"

కాసేపటికి మాడు వాసన. "ఇన్షిరాహ్, అన్నం మాడితే ఏం చెయ్యాలి?" అని వజీహ్ కేక.

"తినాలి!" అన్నాను. ముందు పకపకా నవ్వింది అత్తగారే.

చుక్కలు వేసేటప్పుడు వజీహ్‌కి గురి కుదిరేది కాదు. సగం మందు చెంప మీదకే జారేది. "నా వల్లే," అని ఒకసారి గొణిగాడు. నేను కాదనలేదు.

కన్ను దక్కింది. దీపాల చుట్టూ కాస్త మసక మిగిలింది, అంతే. "ఇక అన్ని పనులూ చేసుకోవచ్చు," అని డాక్టర్ పంపించేసింది. ఇంటికొచ్చేసరికి వజీహ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆశగా తలెత్తాడు.

"ఏమందావిడ? వంటింట్లోకి వెళ్ళొచ్చా?"

"ఆవిడ వెళ్ళొచ్చంది," అన్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నేనే ఇంకా ఒప్పుకోలేదు."