అరవై ఎనిమిది

ఆ అయిదు రోజుల్లో మేం చేయాల్సిన పనులు ఇవి. తొమ్మిది కొట్టకముందే వేలిముద్ర వేయాలి. ఫోన్లు బుట్టలో పడేయాలి. మెడలో ఆకుపచ్చ పట్టీ తగిలించుకోవాలి. శిక్షకుడు చిటికె వేస్తే మూడు చప్పట్లు కొట్టాలి. సందేహం వస్తే నోరు తెరవకూడదు, చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. అయిదో రోజు పరీక్ష రాయాలి. అందులో తప్పినవాళ్లు బడి తెరిచేనాటికి ఇంట్లో కూర్చోవాలి.

దీని పేరు లెక్కల టీచర్ల వృత్తి నైపుణ్య శిక్షణ. ప్రభుత్వం దాన్ని ఒక కంపెనీకి గుత్తకిచ్చింది. మేం అరవైమందిమి. అందరం ఏడాది కాంట్రాక్టు మీద బతికేవాళ్లమే.

శిక్షకుడి చెంపకు ఎప్పుడూ మైకు అతుక్కుని ఉండేది. మైకు సారు అని పిలుచుకునేవాళ్లం. బడిలో ఒక్క పూట పాఠం చెప్పిన మనిషి కాడు. మొదటి రోజే తెర మీద బలహీన టీచర్ల పట్టిక వేశాడు. అందులో మొదటి పేరు కొలబద్ద టీచరుది. చేతిలో చెక్క కొలబద్ద లేకుండా ఆవిడను ఇరవై రెండేళ్లలో ఎవరూ చూడలేదు. దాంతో గీతలు గీశారే తప్ప పిల్లలెవరినీ కొట్టలేదు.

"పెద్ద సెక్షన్‌లో ఎనభై శాతం పాస్. చిన్న సెక్షన్‌లో ఇరవై. సగటు యాభై. అరవై దాటాలి, దాటలేదు. లేవండమ్మా, అందరూ చూడొద్దూ?"

ఆవిడ లేచారు. "ఎంతమంది బాబూ?" అన్నారు.

"ఏంటి ఎంతమంది?"

"పిల్లలు. పెద్ద సెక్షన్‌లో నలభైమంది, చిన్న దాంట్లో పదిమంది. రెండూ సమానమన్నట్టు కలిపేసి రెండుతో ఎట్లా భాగించారు?"

"డబ్బాలో వేయండమ్మా, డబ్బాలో!" అంటూ చిటికె వేశాడు. మూడు చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆ సంగతి దాచి మీకీ కథ చెప్పలేను.

లెక్క మీరే చూడండి. నలభైమందిలో ముప్పైరెండు మంది పాసయ్యారు. పదిమందిలో ఇద్దరు. మొత్తం యాభైమందిలో ముప్పైనలుగురు. అంటే అరవై ఎనిమిది శాతం. ఆ పదిమందీ కట్టడాల దగ్గర ఇటుకలు మోస్తూ బడి మానేసి, మళ్లీ వచ్చిన పిల్లలు. మా శాతం పడిపోతుందని మిగతా టీచర్లందరూ తలుపు చూపిస్తే ఆవిడ బెంచీ చూపించారు. అందుకే ఆవిడ ఉద్యోగానికి ఎసరొచ్చింది.

నాలుగో రోజు ట్యాబులిచ్చి పరీక్షకు రిహార్సల్ చేయించారు. మొదటి ప్రశ్న సరిగ్గా అదే లెక్క. అరవై ఎనిమిది నొక్కితే తెర ఎర్రగా మారి గాడిద ఓండ్రపెట్టినట్టు కూసింది. యాభై నొక్కేదాకా రెండో ప్రశ్న రాదు. తప్పు వాళ్లు చేసి, అదే ఒప్పు అని మా వేళ్లతో నొక్కిస్తున్నారు.

మా అమ్మ గోదాములో సంచులు కుట్టి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ అన్న మాట నాతోనే మొదలు. నేను యాభై నొక్కాను. పక్క బల్ల మీంచి కొలబద్ద టీచరు చూశారు.

"రేపు పిల్లల నోటుబుక్కులో కూడా దీనికి రైటు కొడతావా తల్లీ?" అన్నారు మెల్లగా.

భోజనాల వేళ నీళ్ల డ్రమ్ము దగ్గర గొడవ మొదలైంది.

"ఒక్క లెక్క కోసం అరవై పొయ్యిలు ఆర్పుకుంటామా?" అన్నారు మీసాల మాస్టారు. మాలో సీనియర్ ఆయనే. "యాభై నొక్కి బయటపడండి. తర్వాత వినతిపత్రం ఇద్దాం."

"ఇదివరకు ఇచ్చినవి ఏమయ్యాయి మాస్టారూ? ఆఫీసులో కుంటి బల్ల కాలి కింద పెట్టుకున్నారు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నాకెక్కడి నుంచి వచ్చిందో గొంతు. "ఇవాళ ఆవిడ. వచ్చే ఏడు మీ సెక్షన్‌లోనే అలాంటి పిల్లలు పదిమంది పడితే?"

"పడనివ్వను. చేర్చుకోనే చేర్చుకోను" అన్నారాయన. అని, ఆ మాట తన చెవినే పడి, చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేశారు.

"వాళ్లకు కావాల్సిందీ అదే అన్నయ్యా" అన్నారు కొలబద్ద టీచరు. "ఆ పిల్లలకు బడి గేటు వాళ్లు వేయరు. మనచేత వేయిస్తారు. నా మీద జాలితో ఎవరూ ఏమీ నొక్కొద్దు. లెక్క చూసి నొక్కండి."

అయిదో రోజు. ట్యాబులు వెలిగాయి. మొదటి కూత ఆవిడ బల్ల నుంచి వచ్చింది. రెండోది మీసాల మాస్టారి బల్ల నుంచి. మూడోది నాది. తర్వాత లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు. హాలంతా ఎర్రబడింది.

"యాభై నొక్కండి! జవాబుల కీ పైవాళ్ల నుంచి వచ్చింది, తప్పెందుకవుతుంది?" అంటూ మైకు సారు చిటికె వేశాడు. చప్పట్లు రాలేదు. అరవై ట్యాబులు ఒక్క గొంతుతో కూశాయి. మళ్లీ వేశాడు. మళ్లీ కూశాయి. కరెంటు తీయించాడు. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది. ట్యాబులకు బ్యాటరీ ఉంది కదా, వాటి గొంతు ఆగలేదు.

గంటలో పోలీసులు వచ్చారు. ప్రభుత్వ పరికరాలు పాడుచేశారని కొలబద్ద టీచరునీ మీసాల మాస్టారినీ జీపెక్కించారు. కాగితంలో ఆవిడ చెక్క కొలబద్దను ఆయుధమని రాసుకున్నారు. "ఎంత పొడవో కూడా రాయి నాయనా, ముప్పై సెంటీమీటర్లు" అన్నారావిడ.

మేం నడిచి స్టేషన్ గేటు దగ్గరికి చేరుకున్నాం.

"ఎంతమంది మీరు?" అని కసిరాడు ఇన్‌స్పెక్టరు.

"అరవై."

వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. "యాభై ఎనిమిదే ఉన్నారు!"

"ఇద్దరు లోపలున్నారు" అన్నాను నేను.

ఎండ వాలేసరికి ఆ పదిమంది పిల్లలూ వచ్చారు. ఇటుక దుమ్ముతోనే వాళ్ల అమ్మానాన్నలూ వచ్చారు. ఇన్‌స్పెక్టరు మళ్లీ లెక్క మొదలుపెట్టి సగంలో మానేశాడు.

మాస్టారిని మర్నాడు వదిలారు. ఆవిడ ఇంకా లోపలే ఉన్నారు. మా అరవైమంది పనీ పోయింది. మేం గేటు వదల్లేదు.

కార్మికులారా, విద్యార్థులారా, మీ మిల్లులోనో కాలేజీలోనో ఎవడైనా తెర మీద ఒక శాతం చూపించి తల దించుకోమంటే, దించకండి. ఎంతమంది అని అడగండి. అడిగిన ప్రతిసారీ మా కొలబద్ద టీచరును గుర్తుంచుకోండి.