నేను దిగితే కనిపించే పేరు

నేను ఒక షట్టర్ను. పుట్టుకతోనే కళ్ళు తిరిగే జాతి మాది. మీరు పొద్దున్నే కాఫీ తాగి రోజు మొదలుపెడతారు. నేను గర్ర్‌మని చుట్ట చుట్టుకుని పైకి పోయి, పెట్టెలో ముడుచుకుని, నా తల ఎక్కడుందో తోక ఎక్కడుందో తెలియకుండా మొదలుపెడతాను. కింది అంచు ఒక్కటే బయటికి ఉంటుంది. లోకాన్ని దానితోనే చూస్తాను. అందుచేత నా మాటల్లో కాస్త తూలుడు కనిపిస్తే ఏమీ అనుకోకండి. మందు అలవాటు లేదు, వృత్తే అలాంటిది.

తాడేపల్లిగూడెంలో ఒక వెల్డింగు షెడ్డులో పుట్టాను. ఇనుప పట్టీలను ఒకదానిలో ఒకటి దూర్చి, పైన స్ప్రింగు బిగించి, బజారు వీధిలో ఒక కొట్టు గదికి తగిలించారు. తొలిరోజు దండ వేశారు, అగరుబత్తులు వెలిగించారు, వీధంతా మిఠాయి పంచారు. నేనేదో కోట తలుపునని తెగ పొంగిపోయాను. తర్వాత తెలిసింది, ఆ గదిలోకి అద్దెకు వచ్చిన ప్రతివారూ ఇదే మర్యాద చేస్తారని, "ఇక మనకి తిరుగులేదు" అని ఇదే మాట అంటారని. వాళ్ళ సంగతేమో గానీ తిరగడం మాత్రం నాకు తప్పలేదు.

మొదట వచ్చింది టైలర్ మస్తాన్ గారు. నాలుగు మిషన్లు ఒకేసారి ఆడుతుంటే నా పట్టీలన్నీ తాళం వేసేవి. పండగ ముందర మనుషులు ఆయన్ని బతిమాలుకునే తీరు చూసి తీరాలి. ఇంతలో ఎదురుగా రెడీమేడ్ దుకాణం వెలిసింది. అద్దాల వెనక తలలేని బొమ్మలకు ప్యాంట్లు తొడిగి నిలబెట్టారు. ఆ బొమ్మలు ఇటు తలలున్న మనుషుల పని పట్టుకుపోయాయి. కుట్టేవాళ్ళలో ఒకాయన ఆ దుకాణంలోనే ప్యాంట్ల పొడవు తగ్గించే పనికి కుదిరాడు. మిగతావాళ్ళు తలో దారి పట్టారు. మస్తాన్ గారు చివరిసారి నన్ను దించుతున్నప్పుడు ఎంతో మెల్లగా దించారు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత జిరాక్సు, ఇంటర్నెట్టు కొట్టు. పరీక్షా ఫలితాల రోజున వీధి పట్టేది కాదు. పాసైనవాళ్ళు నా మీద దరువు వేసేవారు, తప్పినవాళ్ళు నాకు ఆనుకుని ముక్కు చీదేవారు. ఆ ఫలితాలు జేబులోని ఫోన్లలోకి వచ్చేశాక ఆ కొట్టూ ఖాళీ అయింది. ఆ ఖాళీలోకే, సెల్‌ఫోన్లకు డబ్బులు ఎక్కించే వ్యాపారంతో, త్రిమూర్తులు గారు దిగారు. నా అసలు కథ ఇక్కడి నుంచే.

త్రిమూర్తులు గారు మంచివారే. పేరంటే మాత్రం ప్రాణం పెడతారు. బోర్డు రాసే ఆయన వచ్చి ఎంత సైజు కావాలంటే, "బోర్డేంటండీ అగ్గిపెట్టంత! షట్టర్ మీదెయ్యండి. అచ్చరం మనిషంత ఉండాలి," అన్నారు. అలాగే నా ఒళ్ళంతా ఎర్రరంగుతో 'త్రిమూర్తులు సెల్ పాయింట్' అని రాశారు. ప్రారంభోత్సవానికి బంధువులంతా వచ్చారు. గుమ్మడికాయ కొట్టారు, హారతిచ్చారు, చప్పట్ల మధ్య నన్ను పైకి లేపారు. నాతోపాటు ఆయన పేరూ చుట్ట చుట్టుకుని పెట్టెలోకి వెళ్ళిపోయింది. తన పేరు ఉండాల్సిన చోట ఖాళీ గుమ్మాన్ని చూస్తూ ఆయన నోరు తెరిచి అలా నిలబడిపోయారు.

కొట్టు తెరిస్తే పేరు ఉండదు, పేరు కనపడాలంటే కొట్టు మూయాలి. ఈ సంగతి ముందు ఎవరికీ తట్టలేదు. తట్టాక ఆయన ఒప్పుకోలేదు. సోమవారం సెలవు రోజున ఎదురు టీకొట్టు దగ్గర నిలబడి, టీ చల్లారిపోయేదాకా నన్నే చూసుకుంటూ ఉండేవారు.

జనం ఎవరి ఫోను వాళ్ళే నింపుకోవడం నేర్చాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు లేకపోయారు. రోజూ మధ్యాహ్నం ఆయన భార్య భూలక్ష్మి క్యారేజీ తెచ్చేది. ఆ మూత తీస్తే చాలు, పక్క గదుల్లోంచి ముక్కులన్నీ ఇటు తిరిగేవి. అప్పటికి ఊళ్ళో ఆడవాళ్ళు బ్యాంకులకూ బడులకూ ఆసుపత్రులకూ బట్టల దుకాణాలకూ ఉద్యోగాలకు వెళుతున్నారు. ఇంట్లో కుక్కరు అన్నం వండిపెడుతోంది గానీ, కూర వండే తీరిక ఎవరికీ లేదు. మగవాళ్ళకు కూడా చేతులుంటాయన్న సంగతి ఇంకా ఎవరి దృష్టికీ రాలేదు. ఈ సందు చూసి "మనం కూరలమ్ముదామండీ" అన్నది భూలక్ష్మి. త్రిమూర్తులు గారు రంగు డబ్బా తెప్పించి నా మీద 'సెల్' చెరిపించి 'కర్రీ' రాయించారు. ముందున్న పేరు చెక్కుచెదరలేదు.

అప్పటినుంచి నన్ను లేపేది భూలక్ష్మే. వండేది ఆమె, ఉప్పు చూసేది ఆమె, ఏ టీచరమ్మకు కారం పడదో గుర్తుపెట్టుకునేది ఆమె. అత్తగారు సూరాయమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు కొండంత పోసుకుని తరిగేది. త్రిమూర్తులు గారు ముందు కుర్చీలో కూర్చుని ఓనరుగా ఉండేవారు. భూలక్ష్మి పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి, "ఎవరున్నారండీ లోపల?" అని పిలిస్తే, "ఎవరూ లేరండి, నేనే," అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఎవరూ లేకపోతే ఈ గుమగుమలు ఎక్కడివి?

ఒకరోజు సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు హారిక అనే అమ్మాయి వచ్చింది, మెడలో కార్డు, చేతిలో ట్యాబు. ఏ వీధిలో ఏ వ్యాపారం ఉంది, ఎందరికి పని దొరుకుతోంది అని సర్కారు వారు లెక్క తీయిస్తున్నారట.

"ఓనరెవరండీ?" అంది.

"నేనేనండి, త్రిమూర్తులు," అన్నారు కుర్చీలోంచి.

"పనోళ్ళు?"

పొయ్యి దగ్గరి నుంచి భూలక్ష్మి గొంతు వినిపించింది. "ఎవరూ లేరమ్మా. ఇంట్లోవాళ్ళమే."

హారిక సున్నా కొట్టబోయింది. మూకుట్లో దొండకాయలు చిటపటలాడుతున్నాయి, గోంగూర పప్పు కుతకుతలాడుతోంది, పనివాళ్ళు మాత్రం సున్నా. పెట్టెలో చుట్ట చుట్టుకుని ఉన్నవాణ్ణి, నాకు తల మరో రెండు చుట్లు తిరిగింది.

"ఫొటో తీసుకోవాలండి. కొట్టు పేరు కనపడట్లేదు," అంది ఆ అమ్మాయి.

పేరు అన్న మాట వినగానే త్రిమూర్తులు గారు బాణంలా లేచారు. "కనపడకపోవడవేంటమ్మా! ఉండు, చూపిత్తాను!" అంటూ బయటికి వచ్చి కొక్కెంతో నన్ను పట్టి లాగారు.

"ఏవండీ, ఇప్పుడా? జనం వచ్చే టైమండీ!" అని భూలక్ష్మి అరుస్తూనే ఉంది. నేను దడదడా దిగిపోయాను. నేల ఇంకా జానెడు దూరం ఉందనగా ఒక పట్టీ గాడి తప్పింది. అంతే, బిగుసుకుపోయాను. ఒట్టు, కావాలని చేసింది కాదు. నా కీళ్ళలో గ్రీజు వేసి ఎన్నాళ్ళయిందో ఆయన్నే అడగండి.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత నన్ను పైకి లేపబోయారు. నేను కదల్లేదు. టీకొట్టు ఆయన వచ్చి పట్టాడు, కదల్లేదు. లోపల అత్తాకోడళ్ళు. వెనక కిటికీ ఉంది, గాలికి లోటు లేదు గానీ, దానికి ఊచలు, అవతల పక్కింటి గోడ. బయట బ్యాంకు మేనేజరు గారు, ఇద్దరు టీచర్లు, నర్సమ్మ, వాళ్ళ వెనక ఇంకా జనం.

త్రిమూర్తులు గారికి చెమటలు పట్టాయి. చేతులు రెండూ ఊపుతూ, "ఇయ్యాల కొట్టు లేదండీ! ఎల్లిపోండి, రేపు రండి!" అని అరవడం మొదలుపెట్టారు. బ్యాంకు మేనేజరు గారు వాచీ చూసుకుని పక్క వీధి వైపు రెండడుగులు వేశారు. అక్కడ కొత్తగా ఇంకో కర్రీ పాయింటు పెట్టారని అందరికీ తెలుసు. ఒకసారి ఆ రుచికి అలవాటు పడితే మనుషులు మళ్ళీ ఇటు రారు. ఇంతకుముందు రెండు కొట్లు ఇలాగే ఖాళీ అవడం చూసినవాణ్ణి, నా గుండె జారిపోయింది.

అప్పుడు లోపలి నుంచి నా పట్టీలన్నీ అదిరేలా ఒక గరిటె దెబ్బ పడింది.

"ఎవరూ ఎల్లొద్దండీ! కొట్టుంది! ఈ కొట్టు నాది! లేదనడానికి మీరెవరండీ?"

అంత కోపంలోనూ భూలక్ష్మి ఆయనకు 'అండీ' తగ్గించలేదు, చూడండి. మేనేజరు గారి అడుగు ఆగింది. వెంటనే ఇంకో గొంతు, సూరాయమ్మది. "ఏమ్మాయ్, లెక్కలమ్మాయ్! నన్నూ రాసుకో! ఈ బెండకాయలు నీ సర్కారోళ్ళు తరిగారనుకున్నావా?"

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా మరలు ఊడేంత నవ్వు వస్తుంది. నా కింద ఉన్న జానెడు సందులోంచి భూలక్ష్మి చెయ్యి బయటికి వచ్చింది, చేతిలో దారం కట్టిన పప్పు పొట్లం. "ఎవరికండీ గోంగూర?" నర్సమ్మ గొంతుక్కూర్చుని అందుకుంది. ఆమె వెనక టీచర్లు కూర్చున్నారు. ఇస్త్రీ నలగకుండా మేనేజరు గారు కాసేపు ప్రయత్నించారు గానీ చివరికి రోడ్డు మీద మోకాళ్ళు వేసి, చెంప నేలకు ఆనించి, "అమ్మా, వేపుడుందా?" అని సందులోకి అడిగారు. పొట్లాలు జర్రున జారి వస్తున్నాయి. అటుగా పోయేవాళ్ళు ఏదో మొక్కు అనుకుని వాళ్ళూ వంగారు. వంగినవాళ్ళు ఊరికే లేవలేక సాంబారు కొనుక్కున్నారు.

"ఒరేయ్ మూర్తులూ, బొమ్మలా నిలబడతావేంట్రా? ఎవరికేం కావాలో అడిగి చెప్పు!" అంది తల్లి. ఆయన బిత్తరపోయి, పంచె ఎగ్గట్టి, లైను సరిచేస్తూ, "మేడం గారికి చారు ఒకటి! సారుకి దొండకాయ రెండు!" అని లోపలికి కేకలు వేయసాగారు. నిజం చెప్పాలంటే ఆ పని ఆయనకు బాగా వచ్చు.

జనం పలచబడ్డాక హారిక కూడా మోకాళ్ళు వేసి సందులోకి వంగింది. "అమ్మా, మళ్ళీ అడుగుతున్నానండి. ఓనరెవరండీ?"

లోపల గరిటె కింద పెట్టిన చప్పుడైంది.

"నేనేనమ్మా," అంది భూలక్ష్మి. "భూలక్ష్మి. రాసుకో."

"పనోళ్ళు?"

"మా అత్తగారు సూరాయమ్మ గారు. ఇంకా... బయట ఒకాయనున్నారు కదా, ఆయన."

త్రిమూర్తులు గారు ఉలిక్కిపడ్డారు. "నేను పనోణ్ణా?"

"ఇందాకట్నుంచీ చేత్తానే ఉన్నారు కదండీ," అంది హారిక, రాసుకుంటూ.

సాయంత్రం వెల్డింగు ఆయన వచ్చి నన్ను అడ్డంగా కోసి అత్తాకోడళ్ళను బయటికి తెచ్చాడు. నాకు అంతగా నొప్పి తెలియలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ముక్కలు పాత ఇనుము బండి మీదికి చేరుతుంటే భూలక్ష్మి ఒక ముక్కకు అడ్డం వచ్చింది, పేరున్న ముక్కకు. "ఇది వద్దు బాబూ. చట్రం వేసి పైన బిగించు. ఈ పక్కన రాయాలి," అని నా వీపు చూపించింది.

"మరి నా పేరో?" అన్నారు త్రిమూర్తులు గారు, చిన్నపిల్లాడి గొంతుతో.

"చెరపట్లేదు కదండీ. ఎనకాల ఉంటాది."

ఇప్పుడు నేను ఒక బోర్డును. గుమ్మం పైన నిటారుగా నిలబడ్డాను. కళ్ళు తిరగడం లేదు, అదొక్కటే కొంచెం వెలితి. కింద కొత్త షట్టర్ ఎక్కుతూ దిగుతూ తూలుతూ ఉంటాడు, వాడికి నేను పెద్దరికం చెబుతూ ఉంటాను. నా ముఖం మీద 'భూలక్ష్మి కర్రీ పాయింట్', నా వీపు మీద, గోడ వైపు, 'త్రిమూర్తులు'. సోమవారాలు ఆయన ఇప్పటికీ టీకొట్టు దగ్గర నిలబడి నన్ను చూస్తారు. పక్కనున్న వాళ్ళతో, "దాని ఎనకాల ఉన్నది నేనేనండి," అంటారు గర్వంగా. అందులో అబద్ధమేమీ లేదు.

నిన్న మధ్యాహ్నం కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒక టీచరమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవరున్నారండీ లోపల?" అని పిలిచింది. పాత అలవాటు కదా, నేను చెవులు మూసుకోబోయాను.

"నేనున్నానండి," అంటూ భూలక్ష్మి వచ్చింది.