గడువు తీరిన చెవి

మా ఆవిడ చెవికి గడువు తీరిపోయిందని కంపెనీ వాళ్లు ఈమెయిల్ పంపించారు. పాల ప్యాకెట్టుకి తీరినట్టు! చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడకి బడికి వెళ్లే వయసులోనే ఏదో జ్వరం వచ్చి వినికిడి పోయింది. మా పెళ్లయ్యాక ఆపరేషన్ చేసి తల లోపల చిన్న పరికరం పెట్టారు. చెవి వెనక తగిలించుకునే మిషన్ బయటి చప్పుళ్లను పట్టి దానికి అందిస్తుంది. ఆ మిషన్‌లోని ప్రోగ్రాంని అప్పుడప్పుడూ క్లినిక్‌లో సరిచేయించుకుంటూ ఉండాలి. ఇప్పుడు ఆ పాత వెర్షన్‌కి ఇక సపోర్ట్ లేదట. సరిగ్గా అదే సమయానికి మిషన్ గరగరలాడటం, మాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది.

"తల లోపలిది బాగానే ఉంది కదా తల్లీ! ఈ పైదాన్ని కాస్త సర్దిపెట్టు," అన్నాను క్లినిక్‌లో మిషన్లు చూసే అమ్మాయితో.

"మా కంప్యూటర్ దీన్ని గుర్తుపట్టడమే మానేసింది బాబాయ్. కొత్త మిషన్ తీసుకోవాల్సిందే. కాకపోతే మొదట్లో అన్నీ వేరేగా వినిపిస్తాయి."

మా ఆవిడ ఆ అమ్మాయి పెదాల వంకే చూస్తోంది. "ఈయన గొంతు కూడానా?" అని అడిగింది.

"అది కూడా మారుతుంది పిన్నీ."

ఆవిడ గబుక్కున చేత్తో చెవి కప్పేసుకుంది. "అయితే నాకొద్దు," అంది.

నా గొంతు బాగుంటుందని ఈ భూమ్మీద అన్న మనిషి మా ఆవిడ ఒక్కతే. ఆవిడ విన్నదల్లా ఆ పాత మిషన్ వినిపించిన గొంతే. అది పోతే నేను ఆవిడకి ఎవరిని? నేనూ బలవంతపెట్టలేదు. కానీ వారం తిరిగేసరికి పాతది పూర్తిగా మూగబోయింది. చేసేదేముంది, మళ్లీ క్లినిక్‌కి వెళ్లాం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆవిడతో మాట్లాడాలంటే ముందు బల్ల మీద తట్టాలి. ఆవిడ చూశాక ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి, గట్టిగా చెప్పాలి. ఆ అమ్మాయి కొత్త మిషన్ తగిలించి "మాట్లాడండి బాబాయ్," అనగానే, అలవాటు కొద్దీ బల్ల మీద టకటకా కొట్టి, "ఎలా! ఉంది! నీకు!" అని అరిచాను. ఆవిడ కుర్చీలో ఎగిరిపడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవరిదీ గొంతు? రేకు డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. ఈయన కాదు!"

నా ప్రాణం చివుక్కుమంది.

మాది ఒకే గది కొట్టు. ఒక పక్క ఆవిడ బట్టలు కుడుతుంది, ఇంకో పక్క నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. తిరిగొచ్చి ఆవిడ తన కుట్టుమిషన్ ముందు కూర్చుని పెడల్ తొక్కింది, వెంటనే ఆపేసింది. మళ్లీ తొక్కి, "ఇది ఇలా అరుస్తుందా!" అంది. ఫోన్ చేస్తే ఆ క్లినిక్ అమ్మాయి చెప్పింది: ఆగకుండా వచ్చే చప్పుళ్లనీ, సన్నటి చప్పుళ్లనీ పాత వెర్షన్ పనికిరాని గోలని తీసి పారేసేదట, కొత్తది రానిస్తుందట. అంటే ఇన్నాళ్లూ ఆవిడ చేతివేళ్లకి తెలిసే అదురుని బట్టే కుట్టిందన్నమాట. పక్కనే కూర్చున్న నాకు ఆ సంగతి తట్టనేలేదు.

ఇక చూడాలి ఆవిడ సంబరం! కత్తెర గుడ్డలోంచి వెళ్తుంటే "అబ్బ!" అంది. కుళాయి కింద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, నీళ్ల చప్పుడు మారడం వింది. సూది బల్ల మీద పడితే వంగి దాన్ని తీసి, మళ్లీ పడేసింది. నాకు పుట్టినప్పటి నుంచీ చెవులున్నాయి, ఒక్కనాడూ సూది పడటం వినలేదు. ఆవిడ పక్కన చేరి నేనూ విన్నాను, నోరెళ్లబెట్టుకుని.

అన్నీ నచ్చాయి, నా గొంతు తప్ప. నోరు విప్పితే చాలు, ఆవిడ మొహం ముడుచుకుపోయేది. దాంతో నేను మాట్లాడటం మానేశాను. నేను! మా మరదలు వచ్చి చూసి, "బావా, నోటికి తాళం వేశావేంటి? ఒంట్లో బాగానే ఉందా?" అంది. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ అటు తిరిగి కూర్చుని గుండీలు కుడుతోంది. నేను టీ పట్టుకొచ్చి వెనక నిలబడ్డాను. పిలవాలా వద్దా అని తటపటాయిస్తున్నాను.

"మీరేనా?" అంది, తల తిప్పకుండానే.

కాపురం మొదలైనప్పటి నుంచీ, వెనక నేనున్నానని ఆవిడకి ఎప్పుడూ తెలిసింది లేదు. "ఎలా తెలిసింది?" అన్నాను మెల్లిగా.

"ఊపిరి," అంది. సూది పక్కన పెట్టి లేచి వచ్చింది. "మనిషి ఊపిరికి చప్పుడుంటుందని మర్చేపోయాను. ఇన్నేళ్లూ మీరిలా తీస్తూనే ఉన్నారా?"

తీస్తూనే ఉన్నానని తలూపాను. ఆవిడ దగ్గరకొచ్చి చెవి నా ఛాతీకి ఆనించింది.

"మీరు మాట్లాడితే పాత గొంతు కోసం వెతుక్కుంటానండీ. దొరకదు, ఏడుపొస్తుంది. ఈ ఊపిరి పాత మిషన్‌లో లేనేలేదు. నేను పోగొట్టుకున్నది కాదిది."

నేను కదల్లేదు. ఏ మనిషీ నా మాటని ఇంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు, ఈవిడ ఉత్త ఊపిరిని వింటోంది. సిగ్గేసింది, భయమేసింది, ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది.

"ఆపకండి," అంది. ఊపిరి బిగబట్టానని అప్పుడు తెలిసింది నాకు. వదిలాను.

చాలాసేపు విన్నాక, "ఇప్పుడు మాట్లాడండి, మెల్లిగా," అంది.

"ఏమోయ్," అన్నాను.

ఆవిడ భుజాలు ఉలిక్కిపడ్డాయి. తల మాత్రం తియ్యలేదు.